ఒక గొంతు, ముగ్గురు ఉరుములు

మంగళవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఉరుముగారికి ఇంక మూడు కేకలే మిగిలాయి. సినిమాలో చెప్పాల్సిన మాటలన్నీ అయిపోయాయి. పోట్లాటల్లో మూలుగులు, పరుగుల్లో ఆయాసాలు, దెబ్బ తగిలినప్పటి చిన్నాచితకా చప్పుళ్ళు కూడా అయిపోయాయి. కేకలు మాత్రం ఎప్పుడూ ఆఖర్నే. డబ్బింగు గదుల్లో ఇది ఎవరూ రాసిపెట్టని చట్టం. పొద్దున్నే అరిచేస్తే మధ్యాహ్నానికి గొంతు గరగరలాడి మామూలు మాటకు కూడా పనికిరాదు. అందుకని ఎంతటి నటుడికి గొంతిచ్చేవాడైనా అరుపుల్ని అట్టే పెట్టుకుని, మిగతా పనంతా దులుపుకుని, అప్పుడు వాటి ముందు నిలబడతాడు.

చిక్కేమిటంటే, ఆ మూడు కేకల సంగతి ఆయన భార్యకు తెలియదు. ఆవిడ అద్దానికి అవతల, రికార్డింగు బల్ల పక్కన, ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చుని ఉంది. "ఇంకెంతసేపమ్మా?" అని ఇంజనీరమ్మను అడిగింది. "అయిపోవచ్చిందండీ" అంది ఇంజనీరమ్మ తలెత్తకుండా. తలెత్తితే మొహంలో తెలిసిపోతుందని ఆ పిల్ల భయం.

ఉరుముగారంటే ఏ ఆరడుగుల ఆజానుబాహువో అనుకునేరు. అయిదడుగుల రెండంగుళాల మనిషి. బల్లి కనబడితే కుర్చీ ఎక్కే బాపతు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ఆయన వంక రెండోసారి చూడరు. కానీ ఇరవై రెండేళ్ళుగా మన భాషలో ఉరుముమనిషి నోరు తెరిస్తే వినిపించేది ఈయన గొంతే. ఎక్కడో దూరదేశంలో తీసే సినిమాలవి. నల్ల ముసుగు వేసుకుని, రెండరచేతులూ చరిస్తే ఆకాశం దద్దరిల్లేలా ఉరుము పుట్టించి, దుర్మార్గుల పనిపట్టే వీరుడు. ఇప్పటికి తొమ్మిది సినిమాలొచ్చాయి. వీరుడు ఒక్కడే గానీ ఆ వేషం కట్టినవాళ్ళు ముగ్గురు. ముగ్గురికీ గొంతు ఈయనదే.

ఆ ముగ్గురిలో ఎవడు గొప్ప అని జనం కొట్టుకోని రోజు లేదు. టీ కొట్టు దగ్గర, సెలూన్లో, ఆఫీసు క్యాంటీన్లో ఇదే గోల. మొదటివాడి సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళకు మిగతా ఇద్దరూ పగటివేషగాళ్ళు. రెండోవాడు వచ్చిన కొత్తలో "వీడా ఉరుము, వీడి మొహం" అని తిట్టిపోసినవాళ్ళే ఇవాళ "అబ్బ, వాడి దర్జాయే వేరు" అని నిట్టూరుస్తున్నారు. మూడోవాడి పేరు చెబితే పిల్లలు వెర్రెత్తిపోతారు. ఉరుముగారు ఓ పక్కన నిలబడి టీ చప్పరిస్తూ ఈ వాదాలన్నీ వినేవారు. తానెవరో ఒక్కరికీ చెప్పేవారు కాదు. నాకైతే అంత నిగ్రహం లేదు, గ్లాసు బల్ల మీద కొట్టి మరీ చెప్పేసేవాణ్ణి.

ఆయన కొలత వేరు. జనం మొహాలు చూస్తే ఆయన ఊపిరి చూసేవారు. కొత్త సినిమా రాగానే శబ్దం పూర్తిగా కట్టేసి బొమ్మ ఒక్కటే చూసేవారు, ఏ మాటకు ముందు ఛాతీ ఎలా కదులుతోందో.

మొదటివాడు నాటకాల్లోంచి వచ్చినవాడు. కడుపు నిండా గాలి పీల్చుకుని, ఆఖరి బెంచీ వాడికి కూడా వినబడాలన్నట్టు ఒక్కో మాటనూ విడిగా నిలబెట్టి చెబుతాడు. వాడి ఉరుముమనిషికి తాను గెలుస్తానని ముందే తెలుసు. వాడికి చెప్పేటప్పుడు ఉరుముగారు చెప్పులు విడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవారు. రెండోవాడు అందగాడు, బద్ధకస్తుడు. దవడ కదపడు, మాటల చివర్లు మింగేస్తాడు, తన్నులు తింటూ కూడా ముక్కుతో నవ్వుతాడు. వాడి ఉరుముమనిషికి లోకమంతా వెటకారమే, గెలిచినా ఓడినా ఒకటే. వాడికోసం ఉరుముగారు రెండు చేతులూ జేబుల్లో దోపుకుని, గోడకు ఓ భుజం ఆనించి చెప్పేవారు. ఆయన భార్యకు ముచ్చటైనవాడు వీడే. "మీ నలుగురిలోకీ వాడే నయం" అనేది, మొగుణ్ణి కూడా ఆ జాబితాలో కలిపేసి.

మూడోవాడు బక్కపలచని కుర్రవాడు. వాక్యం మొదలుపెట్టి ఆగిపోతాడు, మళ్ళీ మొదలుపెడతాడు. మాటకు ముందు ఊపిరి లోపలికి లాక్కునే చప్పుడు వినిపిస్తుంది. వాడి ఉరుముమనిషికి ప్రతిసారీ భయమే, భయపడుతూనే వెళతాడు. వాడికి చెప్పాలంటే ఉరుముగారు చొక్కా మెడ గుండీ బిగించుకుని, ఒక తలగడ కడుపుకు హత్తుకునేవారు. "మీకు వీళ్ళలో ఎవరిష్టమండీ?" అని ఇంజనీరమ్మ ఓసారి అడిగింది. "ఇష్టాలు పెట్టుకుంటే ముగ్గురూ ఒకలాగే మాట్లాడతారమ్మా" అన్నారాయన.

ఈ పదో సినిమాలో ఆ ముగ్గురూ ఒకే తెర మీదికొచ్చారు. మూడు లోకాల్లో ముగ్గురు ఉరుముమనుషులున్నారట, ఆకాశం చిరిగి ఒక్కచోట పడ్డారట. కథ మాటకేం గానీ, ముగ్గురూ ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటారు, ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తారు. డబ్బింగు కంపెనీ సూపర్‌వైజరు భయపడ్డాడు. "ఒకే గొంతైతే జనం పట్టేస్తారు సర్. ముగ్గుర్ని పెట్టుకుందాం" అన్నాడు. "ఇరవై రెండేళ్ళు పట్టలేదు కదండీ" అన్నారు ఉరుముగారు. ఆయన మాట కాదనలేక సరేనన్నాడు గానీ, ఎందుకైనా మంచిదని ఇంకో మనిషిని సిద్ధంగా ఉంచాడు. ఆ మనిషి వేరెవరో కాదు, ఉరుముగారి బావమరిది. ఈ సినిమాలన్నిటిలోనూ దుష్టుడికి గొంతిచ్చేది అతనే. భారీ మనిషి, యాభై దాటినవాడు. బావకు పోటీగా తనను కూర్చోబెట్టారని సిగ్గుపడి, నాలుగు రోజులుగా లోపలికి రాకుండా నడవాలో తచ్చాడుతున్నాడు.

ఇదంతా ఇలా ఉండగా గొంతు తిరగబడింది. రెండు నెలలుగా పొద్దున లేవగానే గొంతులో ఇసుక పోసినట్టుండేది. డాక్టరు సన్నటి గొట్టం దించి చూసి, స్వరతంత్రి మీద మినపగింజంత బుడిపె ఉందన్నాడు. "గురువారం తీసేద్దాం. అప్పటిదాకా మాట తగ్గించండి. అరుపు మాత్రం అస్సలు కూడదు. అరిస్తే నెత్తురొస్తుంది, మచ్చ కడుతుంది. తర్వాత ఆ గొంతు ఎలా మిగులుతుందో నేను చెప్పలేను" అన్నాడు. ఆయన భార్య పక్కనే ఉండి చెవులారా వింది. తిరిగొస్తూ దారిలో ఒక పలక, బలపం కొంది. మైకు ముందు తప్ప ఇంకెక్కడా నోరు విప్పకూడదు, ఏం కావాలన్నా పలక మీద రాయాలి అని హద్దు గీసింది. ఆయన బుద్ధిగా తలూపారు. కేకల ఊసు ఎత్తలేదు.

ఎందుకెత్తలేదంటే, ఎత్తితే ఆవిడ ఇంటి గుమ్మం కూడా దాటనివ్వదు. గురువారం తర్వాత తాను మళ్ళీ మైకు ముందు నిలబడగలరో లేదో ఆయనకు తెలియదు. ఆ భయంతో రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ముగ్గుర్నీ సగంలో వదిలేసి పోవడం మాత్రం ఆయనకు ఇష్టం లేదు. మొండితనం అంటారా, అవును, మొండితనమే.

ఇప్పుడు తెర మీద వంతెన కూలుతోంది. ఉరుముమనిషిని పెంచి పెద్ద చేసిన ముసలి గురువు జారి పడిపోతున్నాడు. ముగ్గురూ చేతులు చాస్తారు, అందడు. మూడు మొహాలు, ఒకదాని వెంట ఒకటి, మూడు కేకలు.

ఉరుముగారు చెప్పులు విడిచారు. కాళ్ళు ఎడంగా పెట్టారు. కడుపు నిండా గాలి పీల్చి మొదటివాడి కేక పెట్టారు.

అద్దం అవతల కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. లోపల రికార్డింగు జరుగుతోందా లేదా అన్నది చూసుకోకుండా ఆవిడ బరువైన తలుపు తోసుకుని వచ్చేసింది. "ఏవండీ! డాక్టరేం చెప్పాడు, మీరేం చేస్తున్నారు?"

ఉరుముగారు పలక కోసం చెయ్యి చాచారు. ఆవిడ దాన్ని గుండెలకు అదుముకుంది. "ఇవ్వను. అంత కేక పెట్టిన నోరుందిగా, దాంతోనే చెప్పండి."

ఆయన రెండు వేళ్ళు చూపించారు.

"ఇంకా రెండా?" ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. గొడవ విని తమ్ముడు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. "నీకు తెలుసట్రా ఈ సంగతి?"

"తెలుసక్కా."

"తెలిసీ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నావా?"

"బావ పని అక్కా అది. నేనెలా చెప్పను?"

ఆవిడ పలకను మొగుడి చేతిలోకి విసిరినట్టే పెట్టింది. ఆయన వంగి, గట్టిగా నొక్కి రాశారు: "గురువారం తర్వాత ఇవి నాలో ఉంటాయో లేదో. ఇవాళ ఉన్నాయి." ఆవిడ చదివింది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి, పడిన కుర్చీ లేపి కూర్చుంది.

రెండోవాడి కేక అసలు గొంతుకోత. దుఃఖంలో కూడా వాడు దవడ తెరవడు. అలవాటు కొద్దీ ముక్కులో ఓ నవ్వు మొదలవుతుంది, అది మధ్యలో విరిగి పళ్ళ సందుల్లోంచి కేకై వస్తుంది. ఉరుముగారు గోడకు భుజం ఆనించి, గొంతు నులిమినట్టు బిగించి ఆ కేకను బయటికి తోశారు. కేక సరిగ్గానే వచ్చింది. దాంతోపాటు లోపల దారమేదో పుటుక్కున తెగినట్టయింది, నోట్లోకి ఇనుము రుచి వచ్చింది. ఆయన మింగేసి, ఏమీ జరగనట్టు మెడ గుండీ బిగించుకున్నారు. ఆ మింగడం బావమరిది కంటబడింది.

తలగడ హత్తుకున్నారు. మూడోవాడి మొహం తెర నిండా పరుచుకుంది. ఉరుముగారు కేక పెట్టారు.

తెర మీది పెదవికి కేక వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. సూపర్‌వైజరు లేచి చప్పట్లు కొట్టాడు. "అదరగొట్టేశారు సర్! అయిపోయిందండీ, బతికించారు!" ఇంజనీరమ్మ ఊపిరి వదిలి వెనక్కి వాలింది. భార్య సంచి భుజాన వేసుకుంది. ఉరుముగారి మొహం మాత్రం పాలిపోయింది.

గొంతు ఏమవుతుందోనన్న బెదురులో ఊపిరి లోపలికి లాక్కోవాల్సిన చోట బయటికి నెట్టేశారు. ముక్కులోంచి నెట్టేశారు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ జరగనిది జరిగింది. రెండోవాడి కేక మూడోవాడి నోట్లో పడింది. సినిమాహాల్లో కూర్చున్న వెయ్యిమందిలో ఒక్కడికి కూడా తెలియదు. తెలిసేది ఆయనకు, ఆయన పక్కన అన్నేళ్ళు నిలబడి ఆ ముగ్గురినీ చంపుతానని గర్జించిన ఇంకొకడికి.

బావమరిది బల్ల మీదికి వంగి, లోపలికి వినిపించే మీట నొక్కాడు. "బావా, అది రెండోవాడిది."

"నోర్ముయ్‌రా!" అంది అక్క.

"పెదవి కలిసింది కదండీ, ఇంకేం కావాలి?" అన్నాడు సూపర్‌వైజరు.

ఇంకోసారి అందామని ఉరుముగారు నోరు తెరిచారు. మాట రాలేదు. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ గాలే. జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తీసి చూసుకున్నారు. దాని మీద సన్నటి ఎర్ర చార ఉంది. అద్దం అవతల ఆవిడ చెయ్యి తమ్ముడి మణికట్టును పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

ఉరుముగారు పలక తీసుకుని ఒక్క ముక్క రాసి అద్దానికి ఆనించారు: "చెరిపెయ్యండి."

"సర్, చెరిపేస్తే మళ్ళీ చెప్పాలి. మీ గొంతేమో ఇలా…" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన ఆ ముక్క కింద గీత గీశారు. బలపం విరిగింది. ఇంజనీరమ్మ ఆయన మొహం చూసి, ఎవరి అనుమతీ అడక్కుండా ఆ కేక తీసేసింది. అప్పుడాయన విరిగిన బలపంతో బావమరిదిని చూపించారు.

"నేనా?" అతను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేను విలన్ని బావా. వాడి కేక నా నోట్లో పెడితే జనం నవ్విపోతారు."

ఉరుముగారు వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. మునివేళ్ళ మీద లేచి అతని మెడ గుండీ పెట్టబోయారు. ఆ మెడకు ఆ గుండీ ఏ జన్మకీ చేరదు. చొక్కా అంచులు రెండూ కలిపి అతని చేతికే ఇచ్చి పట్టుకోమన్నారు. తలగడ ఆ మోచేతి కింద, కడుపుకు ఆనించి ఇరికించారు. అతని రెండో చేతిని తన డొక్కల మీద ఆనించుకుని, చప్పుడు లేకుండా ఊపిరి లోపలికి లాగి చూపించారు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు.

అతను మొదటిసారి గర్జించాడు. గది అదిరిపోయింది. "అరవకు. పీల్చు" అని పలక మీద పడింది. రెండోసారి సగం దారి వచ్చింది. "భయపడు" అని రాశారు.

"దేనికి భయపడను బావా?"

అతని చూపు ఉరుముగారి పిడికిట్లో నలుగుతున్న రుమాలు మీద పడింది. ఆ ఎర్ర చార చూశాడు. ఎత్తయిన ఛాతీ ఒక్కసారిగా లోపలికి కుంగింది, ఊపిరి చప్పుడు చేస్తూ వెళ్ళింది, ఆ వెనకాల కేక వచ్చింది, సన్నగా, దారి తప్పిన పసివాడిలా.

హెడ్‌ఫోన్లలో విన్నారు ఉరుముగారు. అది మూడోవాడిదే, సందేహం లేదు. తన ఇంటి తలుపు ఇంకొకడు తాళంచెవితో తెరిచి లోపలికి వెళ్ళినట్టనిపించింది. ఏడుపొచ్చింది కూడా. కాస్సేపటికి, వాడికి వాడి ఊపిరి దక్కిందన్న నెమ్మది కలిగింది. బావమరిది భుజం తట్టి, చెప్పులు వెతుక్కున్నారు.

గురువారం పొద్దున డాక్టరు గొట్టం దించి చూసి, కళ్ళద్దాలు తీసేశాడు. "మీరు అరిచారు" అన్నాడు. దానికి ఉరుముగారి భార్య తలొంచుకుంది, అరిచింది తనే అయినట్టు. "సరే, చేసేద్దాం. మాట మాత్రం ఇవ్వలేను" అన్నాడు డాక్టరు. ఆపరేషనుకు ముందు గొంతు రికార్డు చేసి పెట్టుకోవడం అక్కడి పద్ధతి, తర్వాత పోల్చి చూసుకోవడానికి. చిన్న గదిలో ఒక మైకు పెట్టారు. రెండు రోజుల మౌనానికి గొంతు ఓ రవ్వ తిరిగొచ్చింది.

"ఏదైనా ఒక్క వాక్యం చెప్పండి. మీ మామూలు గొంతుతో, మెల్లిగా."

ఉరుముగారు నోరు తెరిచారు. "భయపడకండి, నేనున్నాను" అని వచ్చింది, బొంగురుగానే అయినా మాటకు మాట ఎడంగా.

డాక్టరు నవ్వాడు. "అచ్చం సినిమాలో లాగే ఉందండీ. అది కాదు, మీ గొంతు కావాలి."

ఆయన మళ్ళీ మొదలుపెట్టబోయి, చేతులు జేబుల్లోకి వెళ్ళిపోవడం చూసుకుని బయటికి తీశారు. మూడోసారి ఊపిరి చప్పుడు చేస్తూ లోపలికి పోయింది. ఆగిపోయారు. నుదుట చెమట పట్టింది. ముగ్గురికీ ఎలా నిలబడాలో తెలుసు. తనకు ఎలా నిలబడాలో తెలియలేదు. ఇవాళ చెప్పకపోతే రేపు ఆ గొంతు ఉంటుందో ఉండదో, అసలు ఎలా ఉండేదో కూడా ఎవరికీ గుర్తుండదు.

"అంత ఆలోచన ఏమిటండీ?" అంది గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య. "స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం పిలుస్తారు చూడండి, అలా పిలవండి."

నర్సు కిసుక్కున నవ్వింది. ఉరుముగారికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, "ఏమోయ్, తువ్వాలు మర్చిపోయాను. కాస్త ఇలా అందిస్తావా?" అన్నారు. సన్నటి గొంతు, కొంచెం కీచు, కొంచెం బతిమాలుడు.

"చాలు, ఇదే కావాలి" అన్నాడు డాక్టరు.

ఆయన్ను లోపలికి తీసుకెళ్ళారు. ఆవిడ కదల్లేదు. "డాక్టరుగారూ, ఆ ముక్క నాకూ ఇస్తారా? ఇంట్లో సినిమాలన్నీ ఉన్నాయండీ. ఒక్కదాంట్లోనూ ఈయన లేరు" అంది. డాక్టరు దాన్ని ఆవిడ ఫోనుకు పంపించాడు.

ఆవిడ వరండా చివరి బెంచీ మీద కూర్చుని ఫోను చెవికి ఆనించుకుంది. ఒకసారి వింది, రెండుసార్లు వింది. పక్కన కూర్చున్న తమ్ముడు ఏదో అడగబోతే చేత్తో ఆగమంది. నాలుగోసారి విన్నప్పుడు ఆవిడ నోట్లోంచి జవాబు దానంతట అదే వచ్చేసింది.

"తెస్తున్నానండీ, ఉండండి."